ఐసు గదికి ఇరవై మార్కులు

ఇడ్లీ పార్సిల్లో పచ్చడి కవరుకు చుట్టే దారం గురించి ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు చుట్లు చుట్టి వదిలేస్తే సరిపోయేదానికి పద్నాలుగు చుట్లు చుడతారు. కొస ఎక్కడుందో చుట్టినవాడికే తెలియదు. గోటితో లాగితే రాదు, పంటితో లాగితే చొక్కా మీద పడుతుంది. ఎమ్మెస్సీ చదివి, ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణి, ఆ దారం దగ్గర మాత్రం ప్రతి ఆదివారం ఫెయిలవుతూ ఉంటాను.

ఆ ఆదివారం కూడా చర్చికని తెల్ల చొక్కా వేసుకుని ఆ దారంతో కుస్తీ పడుతున్నాను. మా ఆవిడ లోపల చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. చేతులకు పని ఉంది, కళ్లకు లేదు. బల్ల మీద పిల్లల కాగితాల కట్ట ఉంటే పైదాన్ని ఊరికే చదివాను. లేకపోతే సోమవారం దాకా చదివేవాణ్ణి కాదు. సోమవారం దాకా చదవకపోయి ఉంటే ఏమయ్యేదని నేనుగా ఎప్పుడూ ఆలోచించను. ఆ ఆలోచనే అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తుంది.

ఆ కాగితం ఏమిటో చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్లాలి.

మా కాలేజీలో మొదటి సంవత్సరం కెమిస్ట్రీకి ఇరవై ఇంటర్నల్ మార్కులుంటాయి. ఏటా అదే పేపరు. 'మొలారిటీని నిర్వచించుము' అని అడుగుతాం. ఆ ఏడాది ఒక పిల్లవాడు 'మొలారిటీ అనగా చాలా ముఖ్యమైనది' అని రాసి కింద గీత కొట్టాడు. అతను రాసింది అబద్ధం కాదు కాబట్టి అర మార్కు వేశాను. ఇంకో పదకొండు మంది పేపరు మీద హాల్ టికెట్ నంబరు తప్ప ఏమీ రాయలేదు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఈ పిల్లల్లో సగం మంది రేపు ఏదో ఒక కంపెనీలో ఏదో ఒక వాల్వు పక్కన నిలబడతారు. ఈ ఊళ్లో వాల్వులకు కొదవ లేదు.

మర్నాడు క్లాసులో ఒక్కొక్కళ్లనీ లేపి, చదువయ్యాక ఏం చేద్దామనుకుంటున్నారని అడిగాను. కెమిస్ట్రీ క్లాసులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు కాబట్టి, ముందు ఏదో పనిష్మెంటు అనుకున్నారు. తరవాత చెప్పారు. ఒకడికి స్టీలు ప్లాంటులో వాళ్ల నాన్న చేసే కాంట్రాక్టు పని కావాలి. ఒకమ్మాయికి సొంత బ్యూటీ పార్లర్. పద్మనాభం నించి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవాడికి ఎరువుల కొట్టు. ఇద్దరికి పోలీసు. ఒకడు, "ఏదైనా పర్లేదు సార్, ఏసీ ఉండాల," అన్నాడు. అతన్ని ఏసీలో ఉండే గ్యాసు గురించి రాయమన్నాను.

అలా మొదలైంది. ఆ పేపరు తీసేసి, ఇరవై మార్కులూ రెండు పేజీలకు పెట్టాను. మొదటి పేజీలో నువ్వు చెయ్యాలనుకున్న పని, ఆ పనిలో నీకు ఎదురయ్యే ఒక రసాయనం, దాని గురించి ఒక ప్రశ్న, దానికి జవాబు ఎలా కనుక్కుంటావో రాయాలి. దాని మీద నేను సంతకం పెడతాను. తరవాత నమూనా తెచ్చి, కొలిచి, టైముతో సహా రెండో పేజీ రాయాలి.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ ఇదంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అందరికీ ఒకే ప్రశ్న ఇస్తే జవాబు మనకి ముందే తెలుస్తుందండీ. ఒక్కొక్కళ్లకి ఒక్కో ప్రశ్న ఇస్తే మనం కూడా చదవాలి కదా?"

"చదువుతాను మేడమ్."

"నలభై మూడు మంది."

"చదువుతాను."

"సరే. ఏదైనా అయితే నాకు తెలీదని చెబుతాను."

ఆవిడ మాట తప్పే మనిషి కాదు.

మూడో బెంచీలో ఒకమ్మాయి ఉండేది. హార్బర్ పక్క పేట నించి వచ్చేది. వాళ్లది సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం. ఆమెకు రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం కావాలి. "తెల్లకోటు, టోపీ, గ్లౌజులు ఉంటాయి సార్. మా అమ్మ అక్కడే రొయ్యి ఒలుస్తాది. నాను ఆ రొయ్యి బాగుందో లేదో సెప్తాను," అంది. అంత స్పష్టంగా ఉద్యోగం చెప్పిన మనిషి క్లాసులో ఇంకెవరూ లేరు. నాతో సహా.

శనివారం ఆఖరు పీరియడులో అందరూ మొదటి పేజీలు తెచ్చారు. గంట కొట్టడానికి నలభై నిమిషాలుంది. పేజీకి నిమిషం కూడా రాదు. నేను ఎర్ర పెన్ను తీసుకుని నలభై మూడు కాగితాల మీద వరసగా 'బాగుంది. నమూనా తీసుకురా' అని రాసి సంతకాలు పెట్టాను. పిల్లలు ఫోన్లలో ఫోటో తీసుకుని కాగితాలు నాకిచ్చేసి వెళ్లిపోయారు. నాకైతే ఏదో సాధించినట్టే అనిపించింది. ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు కూడా తిన్నాను.

ఆదివారం ఉదయం దారం విప్పుతూ చదివింది ఆ అమ్మాయి కాగితం. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. ఇలా రాసింది:

'మా బోటు (నీలం కేబిను) ఇంజను పాడై ఇరవై రోజులుగా జెట్టీ దగ్గరే ఉంది. అడుగున చేపలూ ఐసూ వేసే గది మూత వేసి ఉంది. అందులో ఐసు కరిగిన నీళ్లు, అమ్ముడుపోని చెత్త చేప కొంచెం ఉండిపోయాయి. ఆదివారం ఉదయం మూత తీసి కడుగుతారు. తీయగానే కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అని సార్ చెప్పారు. మా తాత మూత దగ్గర కూర్చుని వాసన చూస్తాడు. కొంతసేపటికి వాసన పోతుంది. వాసన పోయింది కాబట్టి గ్యాసు పోయింది అని అర్థం. అప్పుడు మా అన్నయ్య లోపలికి దిగి అడుగు నీళ్లు సీసాలో పట్టి తెస్తాడు. నేను దాని పీహెచ్ చూస్తాను.'

కింద ఎర్ర సిరాతో: బాగుంది. నమూనా తీసుకురా.

ఈ గ్యాసు గురించి నేను ఇరవై ఏళ్లుగా ఒక ఖాళీ పూరించే ప్రశ్న అడుగుతున్నాను. 'హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన డాష్ వలె ఉండును.' కుళ్లిన కోడిగుడ్లు. ఒక మార్కు. ఫస్టు ర్యాంకు వాడూ రాస్తాడు, హాల్ టికెట్ నంబరు మాత్రమే రాసేవాడూ రాస్తాడు. కానీ ఆ గ్యాసు గురించి తెలియాల్సిన సంగతి అది కాదు. అది గాలికన్నా బరువు, గోతుల్లో, గదుల అడుగున పేరుకుని కూర్చుంటుంది. కొంచెంగా ఉన్నప్పుడు వాసన వస్తుంది. బాగా ఎక్కువైనప్పుడు అన్నిటికన్నా ముందు ముక్కును పడగొడుతుంది. ఇక వాసన రాదు. వాసన పోయిందని మనిషి దిగుతాడు. దిగినవాడు కూలబడతాడు. వాణ్ణి తీద్దామని ఇంకొకడు దిగుతాడు. ఇదంతా నాకు తెలుసు. ఆ అమ్మాయికి మాత్రం నేను కోడిగుడ్ల దాకానే చెప్పాను. మిగతా లెక్క ఆమె సొంతంగా, చాలా తెలివిగా, పూర్తిగా తప్పుగా వేసుకుంది. దాని కింద నేను సంతకం పెట్టాను.

కుర్చీలోంచి లేచానన్న సంగతి కూడా తరవాత తెలిసింది.

మా ఆవిడ బయటికి వచ్చి, "ఏటండీ, అలా నిలబడిపోయారు?" అంది.

"ఒక కుర్రాణ్ణి చంపుతున్నాననుకుంటా."

ఆవిడ నా మొహం చూసింది. పదిహేడేళ్ల కాపురంలో నా జోకులకి ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు నవ్వకూడదో ఆవిడకి తెలిసిపోయింది.

"బండి తాళాలు టీవీ మీదున్నాయి," అంది.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. నాలుగుసార్లు చేశాక క్లాసు వాట్సాప్ గ్రూపులో రాశాను: 'ఎవరూ ఏ గదిలోకీ, గోతిలోకీ, ట్యాంకులోకీ దిగవద్దు. నమూనాలు రద్దు.' క్షణాల్లో బొటనవేళ్లు లేచాయి. పన్నెండు, పదిహేను, ఇరవై. ఆ అమ్మాయి వేలు మాత్రం లేవలేదు. బ్యూటీ పార్లర్ అమ్మాయి, 'సార్ నాది బ్లీచింగ్ క్రీము, అది కూడా రద్దా?' అని అడిగింది. వాళ్ల పేటవాడే ఇంకొకడున్నాడు కదా అని వాడికి చేస్తే, వెనకాల బ్యాండు మేళం మోగుతోంది. భీమిలిలో పెళ్లిట.

మా ఇల్లున్న మర్రిపాలెం నించి హార్బర్‌కి ఆదివారం పొద్దున్న పావుగంట, ఇరవై నిమిషాలు. నేను స్కూటర్ మెల్లగా నడుపుతానని మా కాలేజీలో పేరు. ఆరోజు ఎలా నడిపానో తెలియదు. కంచరపాలెం దాటిందాకా నాకు కనిపించింది ఒకటే. నిచ్చెన మీద ఒక కాలు, తరవాత రెండో కాలు. ఆ కుర్రాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. మొహం లేకుండా కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కాన్వెంట్ జంక్షన్ దగ్గర బొగ్గు లారీల వెనక ఇరుక్కున్నాను. అక్కడ, నిజం చెప్పాలంటే, కుర్రాడితో పాటు ఆ ఎర్ర సిరా కూడా గుర్తొచ్చింది. ఫోటో ఉంది. సంతకం ఉంది. పోలీసులు చదవగలిగేంత శుభ్రంగా ఉంది. ఆ రెండు భయాల్లో ఏది ఎక్కువో ఆరోజు కొలవలేదు. కొలిచి ఉంటే నా మీద నాకు గౌరవం మిగిలేది కాదేమో.

హార్బర్‌లో దిగాక తెలిసింది, ఏ బోటో నాకు తెలియదని. కాగితంలో 'నీలం కేబిను' అని రాసింది. నా ఎదురుగా కనుచూపుమేర ఉన్నవన్నీ నీలం కేబిన్లే. ఒకదాని పక్క ఒకటి, మూడేసి వరసలు, తాళ్లతో కట్టి ఉన్నాయి. ఆదివారం కావడంతో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, మధ్యలో ఐసు తోసుకెళ్లే బళ్లు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు వేసుకుని పరిగెడుతున్నది నేనొక్కణ్ణే.

చేపల గంప ముందు కూర్చున్న ఒకావిడ నన్ను ఆపింది. "ఏ ఆఫీసు బాబూ? రేటు సూడ్డానికొచ్చినావా?"

"ఆఫీసు కాదమ్మా, కాలేజీ. ఒక బోటు కావాలి. నీలం కేబిను."

"అన్నీ నీలవే గదా నాయనా."

"ఇంజను పాడైంది. ఒక తాతగారుంటారు. ఐసు గది మూత దగ్గర కూర్చుని వాసన చూస్తారు."

"ఆ తాతా? అది ముందు సెప్పాల గదా." చేత్తో చూపించింది. "అదిగో, ఐసు ఫ్యాక్టరీకి ఎదురుగుండా, ఆకర్ని. బేగి ఎల్లు. ఇందాకే మూత తీసినారు. వాసన సూడ్డం అయిపోనాదేమో."

ఆ ఆఖరి మాట ఆవిడ మామూలుగానే అంది.

ఆ బోటు మూడో వరసలో ఉంది. దాని దగ్గరికి చేరాలంటే ముందు రెండు బోట్ల మీదుగా దాటాలి. మధ్యలో సందులు, సందుల్లో నూనె తేలుతున్న నీళ్లు. నాకు ఈత రాదు. ఈ ఊళ్లో పుట్టి ఈత రానివాళ్లం చాలామందిమే ఉన్నాం, కానీ ఎవరూ పైకి చెప్పుకోం. మొదటి బోటు దాటాను. రెండో బోటు మీద కాలు పెట్టగానే వాసన కొట్టింది. కుళ్లిన కోడిగుడ్లు. ఆ కంపుకి అంత సంతోషించిన మనిషి ఆ జెట్టీ మీద ఇంకొకడుండడు. వస్తోందంటే నా ముక్కు బతికే ఉందన్నమాట.

మూడో బోటు మీద వాళ్లున్నారు. డెక్కు మధ్యలో నలుచదరం కంత, దాని మూత పక్కన పడేసి ఉంది. కంత అంచున గొంతుక్కూర్చుని, మొహం లోపలికి వంచి, కళ్లు మూసుకుని ఒక ముసలాయన. మా క్లాసు అమ్మాయి ఒక ప్లాస్టిక్ ట్రే బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఒళ్లో నోట్‌బుక్కు, చేతిలో ఫోన్ పెట్టుకుని ఉంది. ఫోన్‌లో టైమర్ తిరుగుతోంది. కంతలో నడుము దాకా దిగిపోయిన కుర్రాడు. మెడలో తాడుకి కట్టిన సీసా. చేతులింకా డెక్కు అంచు మీద ఉన్నాయి.

అరుద్దామని నోరు తెరిచాను. "ఆగండి," అని వచ్చింది, మీటింగులో ప్రిన్సిపాల్‌తో అన్నట్టు. ఎవరికీ వినపడలేదు. అందుకని దూకి, ఆ కుర్రాడి చొక్కా కాలరు రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఏటిది? ఎవుడ్రా నువ్వు? వొదులు."

"మా సార్ అన్నియ్యా, కెమిస్ట్రీ సార్," అంది అమ్మాయి లేచి నిలబడి.

కుర్రాడు కొంచెం మెత్తబడ్డాడు. "ఏటి సార్, ఏటి సేత్తన్నారు? మీ పనికే గదా దిగతన్నాను."

"వద్దు. పైకి రా."

"రెండు నిముసాలు సార్. సీసా ముంచుకుని వొచ్చీడవే. మా సెల్లికి ఇరవై మార్కులంట."

"ఇరవైకి ఇరవై వేస్తాను. పైకి రా నాయనా."

తాత కళ్లు తెరిచాడు. నన్ను బూట్ల నించి పైదాకా చూశాడు.

"ఈ బాబేనేటి సంతకం ఎట్టినోడు?"

"అవును తాతా," అంది అమ్మాయి.

"ఎట్టీసి మల్లీ వొద్దంటాడేటి?"

"ఫోన్ ఎందుకెత్తలేదమ్మా?" అన్నాను అమ్మాయితో.

"నాది సైలెంట్లో సంచిలో ఎట్టినాను సార్. ఇది అన్నియ్యది. టైం సూత్తన్నాను. మీరే కదా టైం రాయమన్నారు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. కాలరు వదలకుండానే చెప్పాను. ఇది బరువు గ్యాసు, అడుగున కూర్చుంటుంది, ఎక్కువైతే ముక్కు పని చెయ్యడం మానేస్తుంది, వాసన పోవడం అంటే గ్యాసు పోవడం కాదు అని. క్లాసులో ఇరవై ఏళ్లలో అంత శ్రద్ధగా ఎప్పుడూ చెప్పలేదు. తాత చివరిదాకా విన్నాడు.

"వాసన సచ్చింది బాబూ. నాను సూసినాను. నలభై ఏళ్ల బట్టీ ఈ జెట్టీ మీద నానే సూత్తన్నాను. నా ముక్కు సూసినాకే ఎవులైనా దిగుతారు."

"మరి నాకు రెండో బోటు మీదికే వాసన వచ్చింది తాతగారూ."

"ఆర్బరంతా ఇదే కంపు గద సార్," అన్నాడు కుర్రాడు. "కొత్తోళ్లకి అన్నీ కంపే. ఇప్పుడొత్తందా?"

చూపిద్దామని గట్టిగా ఊపిరి పీల్చాను.

రాలేదు.

ఇందాక మొహం మీద కొట్టిన కంపు, ఇప్పుడు ఆ కంతకి మూరెడు దూరంలో నిలబడితే లేదు. డీజిలు వాసన, తడి తాళ్ల వాసన, అంతే. నా ముక్కు కూడా పోయింది. ఎప్పుడు పోయిందో తెలియలేదు. దాని గురించే మాట్లాడుతూ ఉన్నాను, ఆ మాటల మధ్యలోనే పోయింది. ఇరవై ఏళ్లు పుస్తకంలో చదివింది నా మొహంలో జరుగుతుంటే కూడా తెలియలేదు. కాలరు మరింత బిగించి పట్టుకున్నాను. కుర్రాడు నా మొహం వైపు చూసి, మోకాలు డెక్కు మీద పెట్టి పైకి వచ్చాడు. భయపడ్డ మాస్టారిని అతనెప్పుడూ చూసి ఉండడు.

"అందరూ ఇటు రండి. దూరంగా. గాలి వచ్చే వైపు," అన్నాను. కుర్రాడు, అమ్మాయి బోటు ముందువైపుకు వచ్చారు. తాత రాలేదు.

"నాకు రాట్లేదు. బాబుకీ రాట్లేదు. ఇంకేటి? లేదనే గదా," అన్నాడు.

అది కాదని చూపించడానికి జేబులో గ్యాసు మీటరు లేదు. మా కాలేజీలోనే లేదు. సరిగ్గా అప్పుడు ఆ అమ్మాయి నోట్‌బుక్కు మూసి, "సార్, నాను బయటికెల్లి మల్లీ వొచ్చి సూడొచ్చా?" అంది.

"ఏం చూస్తావు?"

"ముక్కు పాడైతే, దూరం ఎల్తే బాగవుద్ది గదా. ఐసు ఫ్యాక్టరీ దాకా ఎల్లి, కాసేపాగి వొత్తాను. గ్యాసు లేపోతే నాకు వాసన రాకూడదు. వొచ్చిందంటే తాత తప్పు."

"నానా తప్పు?" అన్నాడు తాత.

"నీ ముక్కు తాతా. నువ్వు కాదు."

ఇది ఏ పేజీలోనూ లేదు. నేను చెప్పలేదు. నా సంతకం కూడా అడగలేదు. టైమర్ కొత్తగా పెట్టుకుని బోట్ల మీదుగా మేకపిల్లలా గెంతుకుంటూ వెళ్లిపోయింది. "కంత దగ్గరికి రాకు, రెండో బోటు దగ్గరే ఆగు," అని అరిచాను. ఈసారి గొంతు వచ్చింది.

తాతని బతిమాలి మా దగ్గరికి తెచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది. ఆయన మా పక్కన కూర్చుని నడుముకున్న సంచిలోంచి చుట్ట తీశాడు. అగ్గిపెట్టె తియ్యబోతే, అది కూడా వద్దన్నాను, ఈ గ్యాసు అంటుకుంటుందని.

"ఇంకేటేటి వొద్దో ఒకేసారి సెప్పీ బాబూ," అన్నాడు.

ఆ పదిహేను నిమిషాలూ నేను మళ్లీ కుర్రాడి కాలరు పట్టుకునే ఉన్నాను. అతను పారిపోయే మనిషి కాదు, దిగనని కూడా అన్నాడు. అయినా వదలబుద్ధి కాలేదు. "సార్, గుండీ తెగిపోద్ది," అన్నాడు ఒకసారి. తెగితే తెగనీ అన్నాను. అప్పుడప్పుడు ఆ నలుచదరం కంత వైపు చూసేవాణ్ణి. అందులో ఏమీ కనపడలేదు, పొగ లేదు, చప్పుడు లేదు. పొద్దుటి ఎండ దాని అంచు మీద పడుతోంది. ఎవరైనా చిన్నపిల్ల చూస్తే దాక్కోవడానికి బాగుందనుకుంటుంది.

అమ్మాయి తిరిగొచ్చింది. మొదటి బోటు దాటింది. రెండో బోటు మీద అడుగు పెట్టి, రెండడుగులు వేసి, ఆగిపోయింది. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"తాతా, వొత్తంది. ఇందాకటి కన్నా ఎక్కువొత్తంది."

తాత లేచి, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా ఒక్కో బోటూ దాటుకుంటూ జెట్టీ మీదికి వెళ్లాడు. మనవరాలు వెళ్లిన దారినే ఐసు ఫ్యాక్టరీ దాకా నడిచాడు. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. మేమందరం చూస్తూనే ఉన్నాం. తిరిగొచ్చి రెండో బోటు మీద, ఆమె ఆగిన చోటే, ఆయనా ఆగాడు. చేత్తో ముక్కు పట్టుకుని, మళ్లీ వదిలి, మళ్లీ పట్టుకున్నాడు.

కుర్రాడు మెడలో సీసా తీసి చెల్లెలి చేతికిచ్చాడు. ఆమె సీసా అడుగున బరువుకి ఒక ఇనప నట్టు కట్టి, గాలి వచ్చే వైపు నిలబడి, పొడుగాటి తాడుతో కంతలోకి వదిలింది. నల్లటి నీళ్లు పైకి వచ్చాయి. మనిషి దిగాల్సిన అవసరం మొదటి నించీ లేదు. ఆ మాట నాకు శనివారం తట్టి ఉంటే బాగుండేది. మీటరు తెచ్చి చూసేదాకా ఎవరూ ఆ గదిలోకి దిగొద్దని, పై నించే పంపుతో నీళ్లు తోడెయ్యాలని చెప్పాను. కుర్రాడు పక్క బోటువాళ్లను పంపు అడగడానికి వెళ్లాడు. అమ్మాయి ట్రే మీద కూర్చుని రెండో పేజీ మొదలుపెట్టింది. మా హెడ్ మేడమ్ ఈ కథ విన్నప్పుడు, తనకి ఏమీ తెలియదనే అన్నారు.

నేను బోటు ముందువైపే కూర్చుండిపోయాను. తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. చుట్ట ఇంకా వెలిగించలేదు.

"ముక్కు సచ్చిపోద్దని మీకెవులు సెప్పినారు?"

"పుస్తకంలో ఉంటుంది తాతగారూ."

"ఏ పుస్తకం?"

"నేను ఎమ్మెస్సీ చదివినప్పటిది."

"ఎన్నేళ్లయింది మీరు సదివి?"

"ఇరవై రెండేళ్లు."

ఆయన నీళ్లకేసి చూస్తూ, వేలి కణుపుల మీద ఏదో లెక్క పెట్టాడు. పెట్టి, మళ్లీ మొదటి నించి పెట్టాడు.

"మా తమ్ముడు ఇలాటి గదిలోనే దిగినాడు. నానే ముక్కుతో సూసి దిగమన్నాను. కూసున్నోడు కూసున్నట్టే పోనాడు. గుండె ఆగిపోనాదన్నారు. పంతొమ్మిదేళ్లయింది."

అమ్మాయి రాయడం ఆపింది. కానీ తలెత్తలేదు.

తాత చుట్ట సంచిలో పెట్టేసుకుని నా వైపు తిరిగాడు.

"అంటే మీకప్పటికే తెలుసు."